గురి తప్పలేదు

కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు. కిటికీ దాకా వెళ్లింది, వెనక్కి వచ్చింది, బల్ల మీది పేపర్ వెయిట్ తీసి చూసి మళ్లీ అక్కడే పెట్టింది. కింద దర్జీ షాపులో మిషన్లన్నీ ఒకేసారి నడుస్తున్నాయి. ఆ చప్పుడులో ఆమె మాట సగం వినబడింది, సగం వినబడలేదు.

“మా ఆయన కన్ను పోయింది,” అంది. “పోగొట్టింది నా తమ్ముడంటున్నారు.”

పక్క బల్ల దగ్గరున్న సహాయకురాలు లేచి కిటికీ మూసింది. అప్పుడు గదిలో ఆమె ఊపిరి చప్పుడు కూడా వినబడసాగింది.

ఆ ఆఫీసు బోర్డు మీద ప్రైవేట్ డిటెక్టివ్ అని రాసి కింద ఓ పేరు కూడా ఉంది గానీ, ఆ వీధిలో ఎవర్నడిగినా చాదస్తంగారి ఆఫీసనే దారి చెబుతారు. తాళం వేశాక పడిందో లేదో మూడుసార్లు లాగి చూస్తారాయన. ఎవరైనా “దాదాపుగా” అంటే, “దాదాపు అంటే ఎంత?” అని ప్రాణం తీస్తారు. ఆయనకా పేరు పెట్టినవాళ్లలో సగంమంది తర్వాత ఏదో ఒక ఇరకాటంలో పడి ఈ మెట్లెక్కినవాళ్లే. సహాయకురాలు ఒకప్పుడు బళ్లో లెక్కలు చెప్పేది కాబట్టి ఆయనకు ఆమె టీచరే. తన కళ్లముందున్నదే ఆయన ముందుగా చూస్తే ఆమెకు ఒళ్లు మండేది. మండిన కాసేపటికే మురిసిపోయేది.

“మొదట్నుంచి చెప్పండమ్మా,” అన్నారు చాదస్తంగారు. “కూర్చోకపోయినా పర్వాలేదు.”

ఆమె తిరుగుతూనే చెప్పింది. ఆమె భర్త సినిమాల్లో విలన్ వేషాలు వేస్తాడు. తమ్ముడు సినిమాలకు తుపాకులు అద్దెకిస్తాడు. అవి సెట్లో ఉన్నంతసేపూ పక్కనే ఉండి చూసుకోవడం కూడా అతని పనే. మొన్న ఒక ఫ్యాక్టరీ ఆఫీసు సెట్లో హీరో విలన్‌ని కాల్చే షాట్ తీశారు. బ్లాంక్ అంటారు, అందులో తూటా ఉండదు, కాస్త తుపాకీ మందూ దాన్ని అదిమిపెట్టే అట్టముక్కా ఉంటాయి. చప్పుడు, మంట, పొగ, అంతే. ఆ అట్టముక్క తునకలై, మంటతో పాటు వచ్చి విలన్ ఎడమ కంట్లో కొట్టింది.

“అంత దూరం నుంచి అట్టముక్క అలా కొట్టదట. మందు ఎక్కువ పోసుంటేనే కొడుతుందని పోలీసులంటున్నారు. పోసేది మా తమ్ముడే కదా.”

“కావాలని పోశాడంటున్నారా?”

ఆమె మొహం తిప్పుకుంది. “వాడికి ఒక సంబంధం వచ్చింది. ఆ పిల్ల వాళ్ల ముందు మా ఆయన సరదాకి, మా బామ్మర్ది బొమ్మ తుపాకులకి కాపలా కాస్తాడండీ అన్నాడు. ఆ సంబంధం పోయింది. మర్నాడు సెట్లో అందరి ముందూ వీడు, ఒకరోజు నీకు నిజంది తగులుద్ది బావా, అప్పుడు మూతపడుద్ది నోరు, అన్నాడట. వాళ్లిద్దరూ ఎప్పుడూ అలాగే అనుకుంటారండీ. ఈసారే అందరూ గుర్తుపెట్టుకున్నారు.”

“మీకేం కావాలి?”

“వాడు చేశాడో లేదో తెలియాలి. ఆస్పత్రికి వెళ్తే మా అత్తగారు నావైపు చూడదు. పుట్టింటికి వెళ్తే, వాణ్ని విడిపించకుండా ఇక్కడేం పని అంటుంది మా అమ్మ. నేను ఎటు తిరిగి ఏడవాలి? వాడు చేసుంటే ఇంక వాడి మొహం చూడను. కానీ చేశాడని ఎవరో ఒకరు నాకు తిన్నగా చెప్పాలి. రేపు కోర్టుకి తీసుకెళ్తున్నారు. ఈ సాయంత్రానికి ఆ సెట్ కూడా విప్పేస్తారట.”

చాదస్తంగారు అప్పటికే లేచి చొక్కా చేతులు దించుకుంటున్నారు. “ఆ మాట ముందు చెప్పాలమ్మా,” అన్నారు. అంత తొందరలోనూ తాళం మూడుసార్లు లాగి చూశారు.

స్టేషన్లో తుపాకులాయన బెంచీ అంచున కూర్చుని ఉన్నాడు. గోళ్లలో నూనె మరకలు. వీళ్లని చూడగానే లేచి, లేచినందుకు కానిస్టేబుల్ ఏమంటాడోనని మళ్లీ కూర్చున్నాడు.

“ఎంత మందు పోశావు?”

“సగమే సార్. ఆ గదికి సగం చాలు. ఇప్పుడెలా చూపించను? అదంతా కాలిపోయింది కదా.”

“షాట్‌కి ముందు ఏం చేస్తావు?”

ఆ ప్రశ్నకి అతని మొహం కాస్త తేలికపడింది. పని గురించి అడిగితే ఎవరికైనా అంతే. “తెరిచి చూపిస్తాను సార్. హీరో బాబుగారిచేత వేలు పెట్టించి చూపిస్తాను. అందరికీ వినబడేలా ఇందులో ఏముందో చెబుతాను. తర్వాత గురి చూపిస్తాను. మనిషిని గురిపెట్టరు సార్, బ్లాంకైనా సరే పెట్టరు. బావ నిలబడే చోటికి పక్కగా, ఆయన తల ఎత్తులో గోడకి గడియారం ఉంది. దాన్ని గురిపెట్టమన్నాను. కెమెరాకి మాత్రం బావనే కాల్చినట్టుంటుంది.”

“బాబుగారు అలాగే చేశారా?”

“రిహార్సల్లో ప్రతిసారీ అలాగే చేశారు. చెయ్యి వణకలేదు.”

“నిలబడే చోటు మారితే?”

“ఎవరిది మారినా షాట్ ఆపాలి, నన్ను పిలవాలి. నేను మళ్లీ మొదట్నుంచి చూస్తాను. చేతిలో తుపాకీ ఉన్న మనిషి ఆపితే డైరెక్టర్ కూడా నోరెత్తకూడదు. బాబుగారికి ఇదంతా బాగా తెలుసు సార్. పోయిన సినిమాలో ఆయనే ఒక షాట్ ఆపి నన్ను పిలిచారు. అందరూ చప్పట్లు కొట్టారు.”

“మొన్న పిలిచారా?”

“లేదు.”

“షాట్ అప్పుడు నువ్వెక్కడున్నావు?”

అతను తల వంచుకున్నాడు. “సెట్ బయట. పత్రికలవాళ్లని పిలిచారు ఆ రోజు. లోపల జనం ఎక్కువైపోయారు, నువ్వు బయట ఉండు అన్నారు డైరెక్టర్‌గారు. తుపాకీ లోపలుంటే నేనూ లోపలుండాలి సార్. వెళ్లిపోయాను.”

“ఇంకేమన్నా ఉందా చెప్పడానికి?”

అతను ఏదో అనబోయి నీళ్లు నమిలాడు. “ఏం లేదు సార్. ఆ షాట్‌కి అది లేదన్నారులెండి.”

“ఏది?”

“ఏం లేదు సార్.”

బయటికి వచ్చాక టీచర్, “అబద్ధం చెబుతున్నాడా?” అంది. చాదస్తంగారు, “అబద్ధం చెప్పేవాడు ఆ మాట కూడా అనడు,” అని గబగబా నడిచారు. ఆటోలో కూర్చున్నంతసేపూ ఆయన మోకాళ్లు ఆడుతూనే ఉన్నాయి.

ఆస్పత్రిలో విలన్‌కి మంచం సరిపోలేదు. పాదాలు కమ్మీ దాటి బయటికి వచ్చాయి. తెరమీద ఎందరి గొంతులు నులిమాడో లెక్కలేని ఆ మనిషి, దిండు సర్దిన నర్సుకి రెండుసార్లు క్షమాపణ చెప్పాడు. ఎడమకన్ను మీద మందమైన కట్టు. ఆ కంటికి చూపు రాదని డాక్టర్లు పొద్దున్నే చెప్పేశారు.

“రిహార్సల్లో మీకు తుపాకీ ఎలా కనబడింది?” అని అడిగారు చాదస్తంగారు.

“ఎలా అంటే?”

“గొట్టం ఎలా కనబడింది అని.”

విలన్ ఆలోచించాడు. “పొడుగ్గా. పక్కనుంచి చూసినట్టు.”

“షాట్‌లో?”

“గుండ్రంగా,” అన్నాడతను. ఆ మాట తన నోటే విన్నాక అతని చెయ్యి దుప్పటిని పట్టుకుంది. “నల్లగా, గుండ్రంగా. లోపల చీకటి కనబడింది.”

“మరి పక్కకి తప్పుకోలేదేం?”

“యాక్షన్ అన్నాక తప్పుకుంటే షాట్ పోదా సార్? ఆయన చేతిలో ఉంది కదా, ఆయన చూసుకుంటాడు అనుకున్నాను.”

“మీరు మీ చోటులోనే ఉన్నారా?”

“నేలమీద నాకని వేసిన టేపు మీదే ఉన్నాను.”

“బాబుగారు?”

“ఆయన చోట్లో ఆయన,” అన్నాడు విలన్, ఒంటికన్ను కిటికీవైపు తిప్పి.

“మీ బావమరిది ఇది చేసి ఉంటాడా?”

“వాడు అలాంటివాడు కాదు.” ప్రశ్న పూర్తవకముందే వచ్చింది జవాబు. గుమ్మంలో నిలబడ్డ భార్య ఆ తొందర గమనించింది. లోపలికి రాబోయినదల్లా ఆగి, చేతిలోని ఫ్లాస్కు మూత బిగించడం మొదలుపెట్టింది.

స్టూడియోకి వెళ్లేసరికి సుత్తుల మోత చెవులు చిల్లులు పడేలా ఉంది. ఫ్యాక్టరీ ఆఫీసుకి రెండు గోడలు లేచిపోయాయి. మిగిలిన వాటిని పీకడానికి నలుగురు కార్పెంటర్లు నిలబడ్డారు. డైరెక్టర్ వాళ్ల మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

“పోలీసులు ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారండీ,” అన్నాడు. “రేపు ఇక్కడ రైలు పెట్టె సెట్ వెయ్యాలి. మీకింకా ఏం కావాలి?”

“గడియారమున్న గోడ, కింద నేల. నేను చెప్పేదాకా అవి ఉండాలి. లేదంటే ఇన్‌స్పెక్టర్‌గారికి ఫోన్ చేస్తాను, అప్పుడు రైలు పెట్టె ఇంకా ఆలస్యమవుతుంది.”

డైరెక్టర్ ఓ చెయ్యి ఊపాడు. సుత్తులు ఆగాయి.

చాదస్తంగారు ముందు గడియారం దగ్గరికి వెళ్లారు. అద్దం మీదా దాని చుట్టూ గోడ రంగు మీదా ఆవగింజలంత నల్లటి మచ్చలు. జేబురుమాలుతో తుడిస్తే మసి అంటింది. వేలిగోటితో ఒకటి గీకితే, రంగులో ఇరుక్కున్న అట్ట నలుసు ఊడొచ్చింది. “చూశారా టీచర్,” అన్నారు మెల్లగా. “అన్నీ గడియారం చుట్టూనే.”

తర్వాత నేల. చెక్కపలకల మీద పలకరాళ్లలా కనబడేటట్టు రంగు వేశారు. గడియారం గోడకు ముందు విలన్ నిలబడే చోట పసుపు టేపు ఉంది. గదికి అవతల హీరోకి ఎర్ర టేపు. ఆ ఎర్ర టేపుకీ విలన్‌కీ నడుమ, ఓ పక్కగా ఫ్యాక్టరీ ఓనరుగారి పెద్ద బల్ల. చాదస్తంగారు దాని వెనక్కి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నారు. రంగు సరిగ్గా ఆరకముందే ఏదో బరువు పెట్టినట్టు అక్కడ నాలుగు మూలల నొక్కులు పడి ఉన్నాయి. వాటి మధ్య రెండు జానల వెడల్పు ఉంటుందేమో. ఆయన వేలితో ఒక్కో మూలా తడిమి చూసి లేచారు. ఎవరినీ ఏమీ అడగలేదు.

కెమెరామన్ షాట్ చూపించాడు. చిన్న తెర మీద విలన్ తల వెనకభాగం, ఆ పక్కనుంచి నడుము దాకా హీరో, చేతిలో తుపాకీ. హీరో కళ్లూ విలన్ తలా ఒకే ఎత్తులో ఉన్నాయి. మంట మెరిసింది, విలన్ తల పక్కకి పడిపోయింది. టీచర్ చూడలేక కళ్లు మూసుకుంది.

“ఇందులో ఎంత దూరం నుంచి కాల్చారో తెలుస్తుందా?” అన్నారు చాదస్తంగారు.

“తెలీదండీ. ఈ లెన్స్ దూరాన్ని తినేస్తుంది. అందుకే వాడతాం.”

“రిహార్సల్‌కీ దీనికీ ఏమన్నా మారిందా?”

“ఏం మారలేదు.” కెమెరామన్ జవాబు చెప్పి, చెమట పట్టిందేమో, చెవి వెనక గోక్కున్నాడు. మూలన స్టూలు మీద కూర్చున్న ఒక సెట్ పనివాడు చటుక్కున లేచి, పక్కనున్న నల్లగుడ్డ కిందకి చెయ్యి పోనిచ్చాడు. అంతలో కొత్తమనుషులు కనబడేసరికి చెయ్యి తీసేసి మళ్లీ కూర్చున్నాడు. చాదస్తంగారు తెరవైపే చూస్తున్నట్టు నిలబడ్డారు.

హీరో తన వ్యానులో ఉన్నాడు. అందరికీ ఆయన బాబుగారు. మర్యాదగా లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. మాట్లాడ్డానికి టీచర్ తల కాస్త కిందికి దించాల్సి వచ్చింది. పోస్టర్లలో చూసి ఇంకోలా అనుకుంది ఆమె.

“రెండ్రాత్రులుగా నిద్ర లేదండీ,” అన్నాడు హీరో. నిజమే, కళ్లు ఉబ్బి ఉన్నాయి. “ఆయన నాకు అన్నలాంటివాడు. కానీ నాకు చెప్పినచోటే గురిపెట్టాను. గడియారాన్నే కాల్చాను. ఎవరిమీదైనా ఒట్టు పెట్టమనండి.”

“ఒట్టు అక్కర్లేదు. మీ గురి తప్పలేదు. నేను చూశాను.”

హీరో ఊపిరి పీల్చుకున్నాడు. “అంటే మందులోనే ఉందన్నమాట తేడా.”

“మీరు నిలబడింది ఎక్కడ?”

“ఎర్ర టేపు మీద,” అన్నాడు హీరో, వ్యాను తలుపు వైపు చూస్తూ.

“పత్రికలవాళ్లు ఎక్కడ కూర్చున్నారు?”

“బల్లకి ఎదురుగా, అటువైపు కుర్చీలు వేశారు. ఎందుకు?”

“ఊరికే. చాదస్తం,” అన్నారు చాదస్తంగారు.

సెట్లోకి తిరిగి వచ్చాక జేబులోంచి దర్జీ షాపు దారపు ఉండ తీశారు. ఒక చివర గడియారం మధ్యలో అదిమిపట్టి టీచర్ నిలబడింది. విలన్ అంత పొడుగున్న కార్పెంటర్ ఒకడు పసుపు టేపు మీద నిలబడ్డాడు. చాదస్తంగారు దారం లాక్కుంటూ వెళ్లి ఎర్ర టేపు మీద నిలబడ్డారు. దారం కార్పెంటర్‌ని ఏమాత్రం తాకకుండా, అతనికి బారెడు దూరంగా పోయింది.

“ఇక్కణ్ణుంచి కాలిస్తే ఏమయ్యేది టీచర్?”

“ఏమీ అయ్యేది కాదు సార్.”

ఆయన దారం బిగువు సడలకుండా పక్కకి జరగడం మొదలుపెట్టారు. దారం మెల్లగా కార్పెంటర్ వైపు జరిగి అతని ఎడమ కనుబొమ్మని తాకింది. అతను ఉలిక్కిపడి కన్ను మూసుకున్నాడు. అప్పటికి చాదస్తంగారు బల్ల వెనక, ఆ నాలుగు నొక్కుల మధ్య నిలబడి ఉన్నారు. విలన్‌కి ఎర్ర టేపు ఎంత దూరమో అందులో సగం కూడా లేదు అక్కణ్ణుంచి.

“దారం ఏ ఎత్తులో ఉంది?”

“మీ కళ్ల ఎత్తులో.”

“తుపాకీ గురి కంటికి ఎదురుగా పెట్టే కదా చూస్తారు. నేను కాస్త పొడుగు మనిషినే. బాబుగారు?”

టీచర్ నోరు తెరిచింది. ఇప్పుడొద్దన్నట్టు ఆయన తల అడ్డంగా ఊపారు. ఆమె నోరు మూసుకుని, ముందు ఒళ్లు మండి, తర్వాత మురిసిపోయింది. చాదస్తంగారు అక్కణ్ణుంచే ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసి, తుపాకులాయన్ని తీసుకుని రమ్మన్నారు.

చీకటి పడకముందే అందరూ ఆ సగం గదిలో చేరారు. ఇన్‌స్పెక్టర్ మాటిమాటికీ టోపీ తీసి పెట్టుకుంటున్నాడు. అతని పక్కన తుపాకులాయన. వాళ్లకి ఎదురుగా అతని అక్క నిలబడింది. తమ్ముడివైపు చూడాలని ఉంది, చూడటం లేదు. హీరో, డైరెక్టర్, కెమెరామన్ ఒకచోట దగ్గరగా నిలబడ్డారు. కార్పెంటర్లు సుత్తులు కింద పెట్టి గోడవారన కూర్చున్నారు.

“మందు ఎక్కువైందన్నారు,” అని మొదలుపెట్టారు చాదస్తంగారు. “ఎందుకన్నారు? అంత దూరం నుంచి అలా కొట్టదు కాబట్టి. అంటే అందరూ దూరాన్ని నమ్మి మందుని అనుమానించారు. నేను దూరాన్ని అనుమానించాను. రిహార్సల్లో గొట్టం పొడుగ్గా కనబడిందట విలన్‌గారికి. షాట్‌లో గుండ్రంగా కనబడింది. గుండ్రంగా ఎప్పుడు కనబడుతుంది? మనకేసి తిన్నగా చూస్తున్నప్పుడు.”

“నేను గడియారాన్నే గురిపెట్టాను,” అన్నాడు హీరో.

“పెట్టారు. అట్ట నలుసులు గడియారం చుట్టూ ఉన్నాయి. ఆయన టేపు మీంచి ఆయన కదల్లేదు, గడియారం కదల్లేదు, మీ గురి తప్పలేదు. ఇక కదలగలిగింది ఒక్కటే ఉంది, మీరు నిలబడ్డ చోటు.”

“బాబుగారు ఎర్ర టేపు మీదే ఉన్నారు,” అన్నాడు డైరెక్టర్. “ఏమీ మారలేదు.”

“అదే మాట అందరూ చెప్పారు. ఒత్తిడి చేసి చెప్పించినట్టు కూడా లేదు, అలవాటుగా చెప్పారు. అక్కడే నాకు అనుమానం వచ్చింది.” అంటూ చాదస్తంగారు చెవి వెనక గోక్కున్నారు.

మూలనున్న సెట్ పనివాడు లేచాడు. నల్లగుడ్డ కిందనుంచి చెక్కపెట్టె ఒకటి తీసి, గబగబా వచ్చి హీరో కాళ్ల దగ్గర పెట్టాడు. పెట్టాక గానీ తనేం చేశాడో అతనికి తెలియలేదు. కెమెరామన్ కళ్లు మూసుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ టోపీ తియ్యబోయి ఆగాడు.

“దీనికి పేరు లేదు,” అన్నారు చాదస్తంగారు. “దీన్ని ఎవరూ అడగరు. కెమెరామన్‌గారు చెవి గోక్కుంటే వస్తుంది, పని అయ్యాక పోతుంది. బాబుగారు తెరమీద పొడుగ్గా ఉండాలి కాబట్టి ఇది ఉంటుంది. బయటికి తెలియకూడదు కాబట్టి ఇది ఉండదు. ఈ సెట్లో ఎవరూ నాతో అబద్ధం చెప్పాలనుకోలేదు. లేదని అనుకోవడం అలవాటైనదాన్ని లేదన్నారు. దెబ్బ తిన్నాయన కూడా అలాగే అన్నాడు.”

పెట్టెను ఎత్తి తీసుకెళ్లి బల్ల వెనక ఆ నొక్కుల మీద పెట్టారు. నాలుగు మూలలూ కచ్చితంగా కూర్చున్నాయి.

“ఈ షాట్‌కి పెట్టె లేదని తుపాకులాయనకి చెప్పారు. అతను నేలమీద నిలబడ్డ బాబుగారికి గురి చూపించి, వెళ్లమంటే బయటికి వెళ్లాడు. అప్పుడు పత్రికలవాళ్లు వచ్చారు. బాబుగారినీ విలన్‌గారినీ పక్కపక్కన నిలబెట్టి ఫొటోలు తీశారు. తీశారు కదండీ?”

డైరెక్టర్ తల ఊపాడు. “ఎత్తుల తేడా చూసి ఫొటోగ్రాఫర్ నవ్వాడు,” అన్నాడు నేల చూస్తూ. “బాబుగారు నావైపు చూశారు. నేను కెమెరామన్ వైపు చూశాను.”

“పెట్టె వచ్చింది. ఎర్ర టేపు మీద వేస్తే కుర్చీల్లో ఉన్నవాళ్లకి కనబడుతుంది. బల్ల వెనకైతే కనబడదు. అక్కడ వేశారు. అక్కణ్ణుంచి గడియారానికి గీత గీస్తే అది ఎవరి కంటి మీదుగా పోతుందో ఇందాక దారంతో చూశాం. సగం మందే. దగ్గరైపోయింది, ఎదురైపోయింది.”

తుపాకులాయన పెట్టెకేసి చూస్తూ నిలబడిపోయాడు. “నన్ను ఒక్క కేక వేస్తే వచ్చేవాణ్ని కదా,” అన్నాడు.

“ఇది యాక్సిడెంట్,” అన్నాడు హీరో. అతని గొంతు పైకి లేచింది. “పెట్టె ఎక్కడ వెయ్యాలో నేను చెప్పలేదు. తుపాకీలో ఏముందో నేను పెట్టలేదు. నేను నటుణ్ని. వెయ్యడం వాళ్ల పని, చూడటం ఇతని పని.”

“పోయిన సినిమాలో షాట్ ఆపి ఇతన్ని పిలిచింది మీరే. మీ పనేమిటో మీకు తెలుసు బాబుగారూ. అందుకే ఒక్కటే అడుగుతాను.” చాదస్తంగారు ఇప్పటిదాకా అటూ ఇటూ తిరుగుతున్నవారు నిలబడ్డారు. “పెట్టె ఎక్కి తుపాకీ ఎత్తినప్పుడు, మీకూ గడియారానికీ మధ్య ఏం కనబడింది?”

హీరో ఒకసారి డైరెక్టర్ని చూశాడు, ఆయన చూపు కలపలేదు. విలన్ భార్య నాలుగడుగులు ముందుకు వచ్చింది.

“చెప్పండి బాబూ,” అంది. “నేనేమీ అనను.”

“గడియారం కనబడలేదు,” అన్నాడు హీరో. “ఆయన మొహం అడ్డం వచ్చింది. గడియారం వెనకాల ఉందని తెలుసు. అందుకని అటే పెట్టాను.”

“మొహం కనబడుతుంటే ఎలా నొక్కారు?”

“యాక్షన్ అన్నారు. ఏదో తేడాగా ఉందని అనిపించింది, అబద్ధమెందుకు. ఆపుదామనుకున్నాను. ఆపితే ఎందుకాపావంటారు. తుపాకులాయన వస్తాడు, అందర్నీ తప్పుకోమంటాడు, నేను దీనిమీంచి దిగాలి. వాళ్లందరూ కెమెరాలు పట్టుకుని చూస్తున్నారు. బ్లాంకే కదా అనుకున్నాను. నిజంగా అదే అనుకున్నానండీ.”

“దిగితే ఏమయ్యేది?” అంది ఆమె.

ఆమె తిట్టలేదు, నిజంగానే అడిగింది. హీరో పెట్టెకేసి చూశాడు. పోస్టర్లలో గుర్రాలెక్కి, రైళ్లమీద దూకే మనిషి, మోకాలంత కూడా లేని ఆ చెక్కపెట్టె మీంచి దిగలేకపోయాడు. గోడవారన కూర్చున్న కార్పెంటర్లు కూడా తలలు తిప్పుకున్నారు.

ఇన్‌స్పెక్టర్ హీరోని, డైరెక్టర్ని, కెమెరామన్‌ని తనతో రమ్మన్నాడు. తుపాకులాయన్ని చూసి, “నువ్వు కూడా రావాలి. లోపలుండాల్సినవాడివి బయటెందుకున్నావో రాసిచ్చి, రాత్రికి ఇంటికి వెళ్లు,” అన్నాడు. “రాసిస్తాను సార్,” అన్నాడతను. “అది నా తప్పే.” జీపు గేటు దగ్గరుంది, వాళ్లు అటు నడిచారు. తుపాకులాయన ఒక్క నిమిషం అని వెనక ఉండిపోయాడు.

అక్క అప్పటికే ఆస్పత్రికి ఫోన్ కలిపింది. చాదస్తంగారూ టీచరూ పక్కనే ఉన్నారు. తొందరలో స్పీకర్ నొక్కుకుపోయి, అవతలి గొంతు ఇటు కూడా వినబడింది. తమ్ముడు దూరంగా ఉన్నాడు, అతనికి వినబడదు.

“ఏవండీ, వాడు కాదండీ. వాడు సగమే పోశాడు. వాడు చెయ్యలేదు.” మిగిలినదంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

లైన్ ఉందో లేదోనని ఆమె ఫోన్ తీసి చూసి, మళ్లీ పెట్టుకుంది.

“నాకు తెలుసులే అని చెబుదామనుంది,” అన్నాడు విలన్. “చెప్పలేను. రెండ్రోజులుగా వాడే అనుకుంటున్నాను. కళ్లు మూసుకుంటే చాలు, వాడు కూర్చుని మందు ఎక్కువ పోస్తున్నట్టే కనబడేది. నీతో కూడా అనలేకపోయాను. ఈ మాట వాడికి తెలియనివ్వకే. తెలిస్తే వాడు బతకడు.”

“తెలియనివ్వను,” అంది.

తమ్ముడు దగ్గరికి వచ్చాడు. రెండ్రోజుల గడ్డం, మాసిన చొక్కా. అడగాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. చివరికి అడిగాడు.

“బావేమన్నాడక్కా? నేనే అనుకున్నాడా?”

“ఒక్క నిమిషం కూడా అనుకోలేదటరా,” అంది అక్క.

అతను మొహం చేతుల్లో దాచుకుని, పెద్దవాడినన్న సంగతి మరిచిపోయి భోరుమన్నాడు. ఆమె ఒక చేత్తో తమ్ముడి తల నిమురుతూ, రెండో చేత్తో ఫోన్ పెట్టేసిందో లేదో ఇంకోసారి చూసుకుంది.